యెహెజ్కేలు కుండపీట

యెహెజ్కేలు లెక్కలో మనుషులు రెండే రకాలు. కూర్చోవడం తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు. ఇంటికి ఎవరొచ్చినా, పాస్టరుగారు కానివ్వండి, బ్యాంకు మేనేజరు కానివ్వండి, అరుగు మీది తాటిబల్ల చూపించి కూర్చోమనేవాడు. నడుం ఎక్కడ ఆనింది, మడమ నేలకు తగిలిందా లేదా అని ఓరకంట చూసేవాడు. వాళ్లు వీధి మలుపు తిరగ్గానే మూతి విరిచేవాడు. "ఎంత జీతమొత్తే ఏం లాభం, కూకోడం రాదు ఎదవకి" అనేవాడు. అతని నోటికి జడిసి, కొత్త సోఫా కొన్నవాళ్లు నాలుగు రోజులు వీధి తలుపు దగ్గరగా వేసుకునేవారు.

ఆ నోరు పనివల్ల వచ్చింది. మొగల్తూరు దగ్గర పుట్టాడు. తండ్రి తాటిమానులు తొలిచి దోనెలు చేసేవాడు. కొడుకు చేతికి పన్నెండో ఏట మాను చెక్కే బాడిస ఇచ్చాడు. అరవై నాలుగేళ్లొచ్చినా యెహెజ్కేలు తాటి తప్ప మరో చెక్క ముట్టలేదు. టేకంటే అతనికి చులకన. "టేకు ఎవడైనా చెక్కుతాడండి. తాడిని చెక్కాలంటే దాని బలం ఎక్కడుందో తెలియాలి" అనేవాడు. మిగతా చెట్లకు చేవ లోపలుంటుంది. తాటికి బయట, బెరడు కిందే, నల్లగా ఇనుములా ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ అంతా మెత్తటి పీచు. ఇది తెలియనివాడు మానును నున్నగా చేద్దామని పైపైన చెక్కేశాడంటే, బలమంతా ఊడ్చి పారబోసి పీచు ఇంట్లో పెట్టుకున్నట్టే.

ప్రసన్నకుమారిని పెళ్లి చేసుకుని, ఆవిడకు ఎలిమెంటరీ స్కూల్లో ఉద్యోగం వచ్చిన చోటికి, ద్రాక్షారామం పక్క ఊరికి, వచ్చేశాడు. అక్కడి లూథరన్ చర్చిలో బెంచీలన్నీ అతను చేసినవే. ముప్పై ఏళ్లయినా ఒక్కటి కిర్రుమనలేదు. ప్రతి బెంచీ వెనకా 'ఫలానా వారి జ్ఞాపకార్థం' అని దాతల పేర్లున్నాయి. ఆ పేర్లు ఉలితో చెక్కిందీ యెహెజ్కేలే. చేసినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఎవరూ చెక్కమనలేదు, అతనూ అడగలేదు. కాని ఆదివారం ఆరాధనలో, పాట పాడుతూ పాడుతూ, ముందు బెంచీ మీది పేరును వేలితో తడమడం ప్రసన్నకుమారి చాలాసార్లు చూసింది.

మూడేళ్ల కిందట వానాకాలంలో ఆవిడ చర్చి మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. రాడ్డు వేశారు. వాకర్ పట్టుకుని నడక వచ్చింది గాని కింద కూర్చోవడం పోయింది. వాళ్లింట్లో బాత్రూం పాతకాలపుది, గొంతుక్కూర్చోవలసినది. బజారు నుంచి మధ్యలో రంధ్రమున్న స్టీలు కుర్చీ తెస్తే, వారం తిరక్కుండా తడినేల మీద జారింది. ఆవిడ పెట్టిన కేకకు ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు. ముప్పై మూడేళ్లు ఊరి పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి, తన దగ్గర చదువుకున్నవాళ్ల చేతులు పట్టుకుని బాత్రూంలోంచి లేవాల్సి వచ్చింది. ఆ రోజంతా గోడవైపు తిరిగి పడుకుంది.

యెహెజ్కేలు ఆ స్టీలు కుర్చీని పెరట్లోకి గిరాటేశాడు. చర్చి పాత కప్పు విప్పినప్పుడు తెచ్చుకున్న తాటిదూలం ముక్క బయటికి తీశాడు. ఎనభై ఏళ్లు ఎండిన దూలం అది. అప్పటికే కుడిభుజం అరిగిపోయి, బాడిస ఎత్తితే ప్రాణం పోయేది. మూడు నెలలు పట్టింది. ఎత్తు ఆవిడ మోకాలికి కొలిచాడు. ఆవిడ కుడిచేత్తో ఊని లేస్తుంది కాబట్టి కుర్చీ కుడి చెయ్యి నాలుగంగుళాలు ముందుకు పొడిగించి, వేళ్లకు పట్టు దొరకడానికి దాని కింద నాలుగు గాడులు తొలిచాడు. కూర్చునే పలక మధ్య గుండ్రంగా కోసి, అంచును అరచేత్తో రాసి చూసుకుంటూ వారం రోజులు నునుపు చేశాడు. ఎవరి సాయమూ లేకుండా మొదటిసారి లేచి వచ్చిన రోజు ప్రసన్నకుమారి ఒక్కటే కోరింది.

"ఇది దేనికో ఎవరికీ చెప్పొద్దండీ. ఊళ్లో సగం మంది నా పిల్లలే."

యెహెజ్కేలు బైబిలు మీద చెయ్యి వేసి మాట ఇచ్చాడు.

ఇలా ఉండగా మండపేటలో సత్యశ్రీ దిగింది. రైసుమిల్లు వారమ్మాయి. ఎక్కడెక్కడో డిజైను చదివి వచ్చి, నాన్నగారి పాత గోడౌనును స్టూడియో చేసింది. మిల్లు ఊకను జిగురుతో అదిమి కుర్చీలు చేస్తుంది. భూమిని కాపాడే కుర్చీలట. భూమి సంగతి దేవుడెరుగు, కూర్చున్నవాడి నడుం కాపాడే నాథుడు లేడు. తాటిపని తెలిసిన మనిషి ఉన్నాడని ఎవరో చెబితే యెహెజ్కేలుకు కారు పంపించింది.

అతను వెళ్లి చూశాడు. ఏసీ గదిలో కుర్చీలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకటి మెలితిరిగి ఉంది, ఒకటి సగమే ఉంది, ఒకటి మూడు కాళ్ల మీద ఒరిగి ఉంది.

"ఇందులో ఎలా కూకోవాలండి అమ్మాయిగారూ?"

"కూర్చోవడానికి కాదండీ. కూర్చోవడం అంటే ఏంటో మనల్ని ఆలోచింపజేస్తుంది."

ఆ మాట చెబుతున్న అమ్మాయి మాత్రం చక్రాలున్న ఆఫీసు కుర్చీలో, వీపుకు దిండు పెట్టుకుని, హాయిగా వెనక్కి వాలి ఉంది. యెహెజ్కేలు ఇంటికొచ్చి వారం రోజులు అదే మాట గొంతు మార్చి చెప్పి భార్యను నవ్వించాడు. అన్నం వడ్డిస్తే "తినడానికి కాదండీ, తినడం అంటే ఏంటో ఆలోచింపజేత్తది" అనేవాడు. పైన పటారం లోన లొటారం అని తీర్పు కూడా చెప్పేశాడు.

ఒక మధ్యాహ్నం సత్యశ్రీయే ఏదో మాను సంగతి అడగడానికి వాళ్లింటికి వచ్చింది. ప్రసన్నకుమారి లోపల నిద్రపోతోంది. పెరట్లో, రోజూ కడిగి ఆరబెట్టే చోట, కుర్చీ ఎండలో ఉంది. ఆ అమ్మాయి దాన్ని చూసి ఇక అడుగు కదపలేదు. చుట్టూ తిరిగింది, మోకాళ్ల మీద కూర్చుని చూసింది, ఫోను తీసి ఫొటోలు కొట్టింది.

"ఇదేంటండీ యెహెజ్కేలు గారూ?"

ఇచ్చిన మాట గుర్తొచ్చి, నోటికేదొస్తే అది అనేశాడు. "కుండపీటండి. మంచినీళ్ల కుండ పెట్టుకునేది."

"మరి ఈ చేతులెందుకండీ?"

"కుండ ఒరిగిపోకుండానండి."

"ఈ గాడులు?"

"నీళ్లు... జారడానికండి."

అలవాటు లేనివాడు అబద్ధమాడితే ఇలాగే ఏడుస్తుంది. ఆ అమ్మాయికి మాత్రం కళ్లు చెమర్చాయి. దాహానికి సింహాసనం వేసిన పల్లె అంది. మధ్యలోని ఆ శూన్యం చూడండి అంది. త్వరలో రాజమండ్రిలో ప్రదర్శన ఉందని, అందులో నడిమధ్యన ఇదే పెడతానని అంది. కుదరదన్నాడు యెహెజ్కేలు. ఎంత బతిమాలినా కుదరదన్నాడు. అప్పుడామె ఆఖరి మాట అంది.

"కింద కార్డు మీద మీ పేరుంటుందండీ. చేసినవారు యెహెజ్కేలు అని, పెద్దక్షరాలతో."

అంతే. ఊరందరి గొప్పల్నీ జీవితమంతా ఎద్దేవా చేసిన మనిషి, తనదాకా వచ్చేసరికి ఒక అట్టముక్కకు పడిపోయాడు. సిగ్గుండాలి! పది రోజుల్లో ఇంతకంటే మంచిది చేయించి పంపుతానని ఆమె అనగానే తలూపాడు. వ్యాను వచ్చింది, కుర్చీ వెళ్లిపోయింది. ప్రసన్నకుమారి ఇంకా నిద్రలోనే ఉంది.

సాయంత్రం ఆవిడ లేచి, వాకర్‌తో బాత్రూం గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"కుర్చీ ఏదండీ?"

చెప్పాడు. పది రోజులే అన్నాడు. దేనికో మాత్రం చెప్పలేదని, ఇచ్చిన మాట తప్పలేదని గొప్పగా అన్నాడు. ఆవిడ అరవలేదు. "అలాగా" అని చెయ్యి చాపింది. ఆ రోజు నుంచీ అతనే ఆవిడ చంకల కింద చేతులు వేసి పట్టుకోవాలి. ఆవిడ కళ్లు మూసుకునేది. పని అయ్యేదాకా తెరిచేది కాదు.

మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తే వద్దంది. మధ్యాహ్నం మజ్జిగ వద్దంది. మూడోనాటికి మంచం పక్కన చెంబులో నీళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అప్పుడు వెలిగింది ఆ మహానుభావుడికి. బాత్రూంకి వెళ్లే అవసరం తగ్గించుకోవడానికి భార్య నీళ్లు మానేసింది. ఇంకొకటి చేద్దామంటే ఎండిన దూలం లేదు. పచ్చిమాను ఏడాదైనా ఎండకపోతే బీటలు తీస్తుంది. భుజం సంగతి సరేసరి.

పదో రోజున కొత్త కుర్చీ వచ్చింది. తేనె రంగులో మెరుస్తూ, సన్నగా, అచ్చం పాతదాని ఆకారంలో ఉంది. యెహెజ్కేలు బొటనవేలి గోరు నొక్కాడు. గోరు దిగిపోయింది. అందం కోసం నల్లటి చేవంతా చెక్కేసి, లోపలి పీచును మిగిల్చి పాలిష్ కొట్టారు. ప్రసన్నకుమారిని దాని దగ్గరికి రానివ్వకుండా పెరట్లోకి, ఆ స్టీలు కుర్చీ పక్కకి విసిరేశాడు. వెంటనే ఫోను చేశాడు.

"అమ్మాయిగారూ, ఇది ఆగదండి. నా పీట నాకిచ్చేయండి."

"అయ్యో, ఎందుకు ఆగదండీ? కుండ ఎంత బరువుంటుంది?"

ఆమే చెప్పుకుపోయింది. ప్రదర్శన అయిన మర్నాడే ఆ పీట ఢిల్లీ వెళ్తోందట. అక్కడినుంచి ఎక్కడికి వెళ్తుందో ఇంకా తెలియదట. దంపతులిద్దరికీ సన్మానం, కారు పంపిస్తానంది. ఫోను పెట్టేసి, అక్కడే ఎలాగో అడిగి తెచ్చేస్తానన్నాడు భార్యతో.

"నేనూ వస్తాను" అంది ప్రసన్నకుమారి.

రాజమండ్రిలో గోదావరి గట్టు దగ్గర హాలు. మధ్యలో తెల్లటి దిమ్మె మీద, దీపాల వెలుగులో, ప్రసన్నకుమారి కుర్చీ. దాని మీద నీళ్లు నింపిన కొత్త మట్టికుండ, కుండ మెడకు బంతిపూల దండ. కింద కార్డు: 'శూన్యాసనం. చేసినవారు: యెహెజ్కేలు.' అతను ఆ కార్డు చదివాడు. ఆగి మళ్లీ చదివాడు.

ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. జనం ఊక కుర్చీల చుట్టూ తిరుగుతూ ఆహా ఓహో అంటున్నారు. ఒక్కరూ కూర్చోవడం లేదు. కాళ్లు లాగినవాళ్లు గోడవార ప్లాస్టిక్ కుర్చీలు వెతుక్కుంటున్నారు. ముఖ్య అతిథి పెద్దిరాజు గారు లేఅవుట్లు వేసే ఆసామి. ఆయన వేసిన ప్రతి లేఅవుట్లోనూ మొదట పడేవి తాటిచెట్లే. ఆయన చెట్ల గొప్పదనం మీద అరగంట మాట్లాడి, ఈ కుండలో నీళ్లు తాగి ప్రదర్శన ప్రారంభిస్తానన్నారు. సత్యశ్రీ రాగి గ్లాసు ముంచి అందించింది.

యెహెజ్కేలు ఆ గ్లాసు వైపే చూస్తున్నాడు. లేవాలి, లేచి ఆపాలి. ఆపితే ఎందుకని అడుగుతారు. మాట ఇచ్చాను కదా అని మనసుకు చెప్పుకున్నాడు. అబద్ధం! మాట ఒక్కటే అయితే ఏదో సాకు చెప్పి ఆపేవాడే. ఆ కార్డు, భుజాల మీది ఆ శాలువా అతని నోరు నొక్కేశాయి. గ్లాసు పెద్దిరాజు గారి మీసం దాకా వెళ్లింది.

"ఆగండి బాబుగారూ! ఆ నీళ్లు తాగకండి."

బడిలో నాలుగు గదులకు వినిపించిన గొంతు అది. ప్రసన్నకుమారి వాకర్ పట్టుకుని నిలబడి ఉంది.

"అది కుండపీట కాదండీ. నేను బాత్రూంలో కూర్చునే కుర్చీ. నా తుంటి విరిగింది, కింద కూర్చోలేను. రోజూ శుభ్రంగానే కడుగుతాం. అయినా తెలిసి తెలిసి ఒక మనిషి చేత ఆ నీళ్లు తాగించలేను."

వెనక వరసలో గడ్డపాయన ఒకడు ఇది కూడా కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టాడు. ఇంకో నలుగురు అందుకున్నారు. పెద్దిరాజు గారు గ్లాసు ఏం చేయాలో తెలియక పూలకుండీలో ఒంపేశారు. సత్యశ్రీ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నీ తప్పు కాదమ్మా" అంది ప్రసన్నకుమారి. "నీకు కుండపీట అనే చెప్పారు. ఆ కుండ దింపించి నా కుర్చీ నాకిప్పించు. నీళ్లు తాగీ తాగకుండా పది రోజులు దాటింది. ఇంక నా వల్ల కాదు."

సత్యశ్రీయే వెళ్లి కుండ దింపింది. ఎవరినీ పిలవకుండా కుర్చీ తనే మోసుకొచ్చింది. నూరు బల్లలు చేసిన యెహెజ్కేలు మాత్రం శాలువాతో కూర్చున్నచోటే ఉండిపోయాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. ఆ తన్నే మనిషి తన ఇంట్లోనే ఉందని అతనికి తెలియలేదు.

కుర్చీని కారు పైన తాళ్లతో కట్టి తిరుగు ప్రయాణమయ్యారు. ఊరు దాటాక కారు ఆపించి అతను నీళ్ల సీసా కొనిచ్చాడు. ప్రసన్నకుమారి గుక్క తిప్పుకోకుండా సగం తాగింది. అతని జేబులో కార్డు ఉంది. ఎప్పుడు తీసి పెట్టుకున్నాడో అతనికే గుర్తులేదు. దారంతా నోరు కట్టుకుని కూర్చోవడం చేతకాక, అలవాటుగా మూతి విరిచాడు.

"వట్టి తెలివితక్కువ మనుషులు ప్రసన్నా. కుండపీటకీ కుర్చీకీ తేడా తెలియని ఎదవలు..."

ఆవిడ మిగిలిన నీళ్లు కూడా తాగి, సీసా మూత బిగించింది.

"వాళ్లు తెలియక అడిగారండీ. మీరు తెలిసి ఇచ్చారు."