'అండి' లేని మాట

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని అండిగారు అంటారు. కేబుళ్లు, లైన్లు చూసే మనిషి. నోట్లో వేలు పెట్టినా కొరకలేడు. మొరాయించిన ప్రింటరుని కూడా "కాస్త కదలండి" అని బతిమాలతాడు.

"పిల్లి పాలు తాగేస్తుంటే 'వద్దండీ' అంటారు. అది తాగి, మూతి తుడుచుకుని మరీ పోతుంది," అంటుంది భార్య.

అలాంటివాడికి పడింది ఈ పని. పెద్ద డాక్టరమ్మ ఇక్కడ కుర్చీలో కూర్చుని రెండు పిడులు కదిపితే, మూడు వందల మైళ్ల అవతల ఊళ్లో మరచేతులు ఆపరేషన్ చేస్తాయి. ఆ కదలిక తీగల వెంట వెళ్లి, బొమ్మగా తెరమీదికి తిరిగి రావాలి. చెయ్యి మెరుపైతే కత్తి ఉరుము. రెంటి మధ్య ఎడం ఎంతో ఒక అంకె చెబుతుంటుంది, సెకనులో వెయ్యో వంతుల్లో. నూట యాభై లోపైతే ఆమె చేతికి తెలియదు. మూడు వందలు దాటితే ఆమె చూసేదంతా జరిగిపోయిన సంగతే. అంకె చూస్తూ, అప్పుడు ఆపమని చెప్పడమే ఆయన పని. కూతపెట్టే యంత్రాలు ఆ గదిలో ఇరవై ఉన్నాయి, ఇంకో కూత వాటిలో కలిసిపోతుంది. అందుకే మనిషి గొంతు కావాలంది ఆమె.

రిహార్సల్లో ఆయన "ఆగండి డాక్టరుగారూ" అన్నాడు.

"నీ మర్యాద పూర్తయ్యేలోపు రోగి పూర్తవుతాడయ్యా. ఆగు అను, చాలు."

"మిమ్మల్ని ఎలా అంటానండి?"

"నన్ను కాదు, కత్తిని అను."

అసలు ఆపరేషన్ రోజు అవతల బల్లమీద ఒక బస్సు డ్రైవరు. కిడ్నీలో గడ్డ. దాని పక్కనే లావుపాటి రక్తనాళం, నిద్రపోతున్న జంతువు డొక్కలా ఎగసి పడుతోంది. అంకె నూట నలభై. నూట నలభై రెండు. రెప్ప వేశాడో లేదో, నాలుగు వందల పది.

"ఆగు."

ఎవరి గొంతో అనుకున్నాడు. ఆమె వేళ్లు ఉన్నచోటే బిగుసుకున్నాయి. ముందే బయల్దేరిన కదలిక ఇంకా దారిలో ఉంది. తెరమీద కత్తి బియ్యపుగింజంత జరిగి, నాళానికి వెంట్రుకవాసి దూరంలో నిలబడింది.

ఆయన వెంటనే రెండో లైనుకి మార్చాడు. అంకె దిగింది. పిడులు మళ్లీ కదిలాయి. గంటకి గడ్డ బయటికొచ్చింది.

డాక్టరమ్మ కుర్చీ తిప్పింది. "మా అమ్మ పోయాక నన్నలా అదిలించినవాళ్లు లేరు."

"తప్పైపోయిందండి."

"ఇంకోసారి తప్పని అన్నావంటే చూడు."

మధ్యాహ్నం స్పీకర్లో అవతలి నర్సు మాట వినిపించింది. "డ్రైవరుగారు లేచారండీ. ఆకలేస్తోందని అప్పుడే నన్ను విసుక్కుంటున్నారు."

అండిగారు గోడకి ఆనుకుని నేలమీదే చతికిలబడ్డాడు. కిటికీలోంచి ఎండ వచ్చి ఒళ్లో పడుకుంది. కాసేపు ఎండా, ఆయనా కదల్లేదు.