నొప్పి తెలియని కాళ్లు

శుభమా అని ఒక పని తలపెట్టినప్పుడు చెడ్డమాట వినబడితే చాలు, మా అమ్మకు ఒళ్లు మండిపోయేది. ప్రయాణం ముందు "ఎక్కడికి?" అని అడిగినవాళ్లను కూడా తిట్టిపోసేది. అన్నకు పొత్తికడుపు దగ్గర పేగు జారితే, ఆపరేషన్ కోసం నెల్లూరు ఆసుపత్రిలో చేర్చాం. అవి అరవైల తొలి ఏళ్లు. నేను అన్నకంటే రెండేళ్లు చిన్న. అమ్మ తన పట్టింపులన్నీ అక్కడికీ వెంటబెట్టుకొచ్చింది.

డాక్టరు గారు నిదానస్తుడు. "నొప్పికి భయపడొద్దు. నడుములో సన్నటి గొట్టం పెట్టి మందు పోస్తాం. కోసిన తర్వాత కూడా నొప్పి తెలియదు" అని అన్నకు చెప్పి, అమ్మ వైపు తిరిగారు. "దెబ్బ తగిలితే ఇతనికి రక్తం తొందరగా ఆగుతుందా? మీ ఇంట్లో ఎవరికైనా ఆగని జబ్బు ఉందా?"

"అట్టాంటివేం లేవు సామీ" అంది అమ్మ.

నేను నోరు తెరిచాను. పన్ను పీకించుకున్నప్పుడు అన్న నోట్లోంచి వారం పాటు రక్తం కారింది. మా మేనమామ కొడవలితో చెయ్యి కోసుకుని, రక్తం ఆగకే పోయాడు. అమ్మ నా తొడ మీద రక్కినట్టు గిల్లింది. బయటికి వచ్చాక, "కత్తి పెట్టబోతుంటే చచ్చినోళ్ల మాట ఎత్తతావా? మాట్లాడబాక!" అని కసిరింది.

ఆపరేషన్ అయ్యాక అన్న నవ్వాడు. "నొప్పే లేదుమా. ఇంకెవరికో కోసినట్టుండాది" అన్నాడు. అమ్మ మురిసిపోయింది. సాయంత్రానికి కట్టు రక్తంతో తడిసింది. మార్చారు. మళ్లీ తడిసింది. కాళ్లు కదలడం లేదని అన్న అంటే, అది మందు పనేననీ, దిగితే కదులుతాయనీ నర్సమ్మ ధైర్యం చెప్పింది. మేమూ నమ్మాం. మర్నాడు మందు ఆపేశారు. అది దిగిపోయే వేళా దాటింది. కాళ్లు మాత్రం కదలలేదు.

డాక్టరు గారు అన్న పాదాలను సూదితో గుచ్చి చూసి, అమ్మను మళ్లీ అదే ప్రశ్న అడిగారు. ఈసారి అమ్మ అంతా చెప్పింది. ఆయన మంచం అంచున కూలబడ్డారు.

"ఈ రక్తం గడ్డకట్టేది కాదమ్మా. నడుములో సూది దిగినచోట లోపల చేరి నరాలను నొక్కేసింది. కోసి తీద్దామన్నా ఇక రక్తం ఆగదు. ముందే చెప్పివుంటే నడుము జోలికే పోయేవాణ్ణి కాదు."

అమ్మ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆమె ఏడుస్తుంటే జాలిపడేదాన్ని, అయినా ఆ కోపం పోలేదు. ఇప్పటికీ లేదని చెప్పలేను.

అన్నను ఇంటికి తెచ్చి, అతను సేద్యం చేసే వరి కయ్యలు కౌలుకిచ్చేశాం. రోజూ పొద్దున్నే అమ్మ అతని కాలి బొటనవేలు గట్టిగా నొక్కి, "నొప్పి తెలస్తా ఉండాదా నాయనా?" అని అడిగేది. "లేదుమా" అనేవాడు. కొడుక్కి నొప్పి పుట్టించమని కనబడిన దేవుడికల్లా మొక్కుకుంది.

అట్లా ఎన్ని నెలలు గడిచాయో. ఒక పొద్దున అమ్మ మంచం దగ్గరికి వచ్చిన అలికిడి విని, అన్న గోడ వైపు చూస్తూనే, "ఈరోజు కొంచెం తెలస్తా ఉండాదిమా" అన్నాడు.

అప్పటికింకా అమ్మ చెయ్యి అతని కాలి మీద పడనే లేదు.