ఆ వారం కేరేజీ
“అమ్మా, ఇక్కడ ‘డి.ఎన్.’ అని రాసుంది సూడు. ఆ వారం నాన్నని సస్పెండ్ సేసేరు.”

“నోరు ముయ్యరా! మీ నాన్న ఒక్క పూట డూటీ మాన్నేదు. రోజూ కేరేజీ కట్టింది నాను కాదేటి?”

పోయిన మా ఆయనది గవర్నమెంటు ఉద్యోగం. పెన్షన్ పని కోసం ఆయన సర్వీసు రిజిస్టరు నకలు తెచ్చిన మా అబ్బాయికీ నాకూ కూర్మన్నపాలెం ఇంట్లో జరిగిన గొడవ ఇది. నేను చదివింది మూడో తరగతి. అయినా మా ఆయనకు మచ్చ అంటే ఊరుకోలేక, అదే ఆఫీసులో గుమాస్తాగా చేసిన పక్కింటి సింహాచలం గారిని వీధంతా వినేలా నిలదీశాను.

ఆయన నవ్వేశారు. “సస్పెన్షన్ కాదొదినా. సమ్మె సేసిన రోజులు సర్వీసులో కలపకుండా అలాగ రాస్తారు. నువ్వు తిడతావని అన్న సెప్పనేదు. జీతం తగ్గితే పండగ అడ్వాన్సు కోత అనీసేడు. రోజూ గేటు కాడ టెంటులో కూకుని నీ కేరేజీ మా నలుగురికీ పెట్టీవోడు. మాకు సాలీది కాదనుకో.”

వీధిలో అందరూ నవ్వారు. నేను ఇంట్లోకి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న మా అబ్బాయి కేరేజీకి ఇంకో గిన్నె అన్నం తగిలించాను.

“ఇంతెవరు తింటారే?” అన్నాడు.

“నీతో పనిసేసీవోళ్లు నేరేటి? పట్టుకెళ్లు” అన్నాను.