కూర్చోమని చెప్పని సారు

మా బడిలో ఫిజిక్స్ పోస్టు ఖాళీగా ఉండి రెండేళ్లయింది. తెలుగు చెప్పే నేనే కటకాల పాఠం కూడా నెట్టుకొస్తున్నాను. టీచర్లకు సాయం చేసేవాళ్లను వెతికిపెట్టే ఒక వెబ్‌సైటులో అడిగితే, పూణేలో కెమెరా కటకాలు తయారుచేసే తెలుగు ఇంజినీరు ఒకాయన ఒప్పుకున్నారు. ఈ రోజు పలమనేరులో మా బడి కంప్యూటరు మీద ఆయన ముఖం కనబడగానే తొమ్మిదో తరగతి మొత్తం లేచి నమస్కారం పెట్టింది.

ఆయన నవ్వి నేరుగా పాఠంలోకి వెళ్లిపోయారు. చేతిలో ఒక కటకాన్ని తిప్పుతూ ఎంత బాగా చెప్పారో! పిల్లలంతా నిలబడే విన్నారు. తెర చిన్నది కదా, అందుకేనేమో అనుకున్నాను. పాఠం సగంలో నెట్ పోయింది. ఎంత ప్రయత్నించినా మళ్లీ కలవలేదు.

"ఇంక కూర్చోండి" అన్నాను.

"ఆ సారు కూర్చోమన్లేదు గదా మేడం" అంది ముందున్న షబానా.

"నేను చెప్తున్నా గదమ్మా."

"మీరు రోజూ ఉంటారు మేడం. ఆ సారు గదా సెప్పాల. మళ్లా వస్తాడు గదా?"

బడికి ఎవరొచ్చినా, వాళ్లు కూర్చోమనేదాకా నిలబడాలని నేర్పింది నేనే. తోటి టీచర్లూ, రోజూ ఉండేవాళ్ల మాటకు మీ బళ్లలోనూ ఇంతే విలువా?

సాయంత్రం నెట్ సెంటరు నుంచి ఆయనకు మెయిల్ పెట్టాను. మిగిలిన పాఠం గురించి ఏమీ అడగలేదు. "మా పిల్లలు ఇంకా నిలబడే ఉన్నారు సార్, వచ్చి కూర్చోమని చెప్పండి" అని రాశాను.