పాలిష్ మేస్త్రి పెరటి అరుగు

పాలిష్ మేస్త్రి ఇంట్లో పాలిష్ ఎరిగిన చెక్క ఒక్కటీ లేదు. నలభై ఏళ్ళు ఊరందరి తలుపులూ, నేలలూ అద్దాల్లా మెరిపించిన మనిషి ఇంటి తలుపు మాత్రం రంగు వెలిసి పొట్టు రాలుతుంటే, వచ్చినవాళ్ళు నవ్విపోయేవారు. ఏం చేస్తాడు పాపం! ఇల్లు చేరేసరికి చేతులు పడిపోయేవి.

అతను పని మానుకున్నాక, వడ్రంగం చేసే బావమరిది వచ్చి, వంటింటి గుమ్మం నుంచి పెరటి గేటు దాకా చెక్క అరుగు వేసిపెట్టాడు. సాయంత్రాలు చెట్ల మధ్య కూర్చోవాలని వాళ్ళక్కకి ఎన్నాళ్ళ కోరికో.

"చెక్క నాది, మెరుగు నీది బావా. వారంలో వానలు పడతాయి. పచ్చి చెక్క తడిస్తే మచ్చలు కట్టి వంకర్లు పోతుంది. నా కష్టం బూడిదలో పోసిన పన్నీరు చెయ్యకు" అని చెప్పి మరీ వెళ్ళాడు.

మేస్త్రి మూడు చెక్కముక్కల మీద మూడు రకాల మెరుగులు పూసి, అలవాటుగా భార్య ముందు పెట్టాడు. "ఏది వెయ్యమంటావే?"

"నన్నడుగుతారేంటి? మీకేది ఇష్టమో అదే వెయ్యండి."

ఇన్నేళ్ళలో ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. ముక్కలు చూపించడం అతని వంతు, వేలెత్తి చెప్పడం ఇంటివాళ్ళ వంతు. అసలు తనకంటూ ఇష్టం ఒకటి ఉందా, చెక్క రుద్దే ఉప్పుకాగితంతో పాటు అదీ అరిగిపోయిందా? అతన్ని నిజంగానే దిగులు పట్టుకుంది.

"నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు కదండీ!" అంది ఆవిడ నాలుగో రోజున. మబ్బులు అప్పటికే చెట్ల మీదికి దిగాయి.

ఆ మధ్యాహ్నం మేస్త్రి పచ్చి చెక్క మీదే నడుం వాల్చాడు. రెప్పలు బరువెక్కాయి. తలుపులు కనిపించాయి. ఇళ్ళు లేవు, గోడలు లేవు, గాలిలో నిలబడ్డ తలుపులు. ఒక్కొక్కటీ మెల్లగా తెరుచుకుంటోంది, లోపల ఎవరివో నవ్వులు. అతను దగ్గరికి వెళ్ళేసరికి మళ్ళీ మూసుకుంటోంది. చిట్టచివర ఏ రంగూ లేని తలుపు ఒకటి ఉంది. దాని మీద చెయ్యి వేయబోయాడు. మోచెయ్యి తగిలి పక్కనున్న నీళ్ళ గ్లాసు ఒలికింది.

కళ్ళు తెరిచాడు. పాలిపోయిన చెక్క నీళ్ళ కింద తేనెరంగు తిరిగింది. లోపలెక్కడో దాక్కున్న చారలన్నీ పైకి తేలాయి. అవి ఆరేదాకా చూశాడు. గ్లాసు నింపుకొచ్చి మళ్ళీ పోశాడు.

"ఏమే, ఇలా రా! నాకిదే ఇష్టం! నూనె పట్టిస్తే ఈ తడి నిగారింపు అలాగే నిలిచిపోతుంది."

"ఏటేటా మళ్ళీ పట్టించాలేమో?"

"పట్టిస్తా. మనదేగా!"

మర్నాడు తెల్లవారగానే వంటింటి గుమ్మం దగ్గర మొదలుపెట్టాడు. గొంతుక్కూర్చుని, గుడ్డతో ఒక్కో పలకకీ అవిసెనూనె పట్టిస్తూ వెనక్కి జరిగాడు. నూనె వాసన, చేతి కింద మేలుకుంటున్న చెక్క, వెనక్కి, ఇంకా వెనక్కి. ఒళ్ళు తెలియలేదు. ఆఖరి పలక అయ్యాక డబ్బా, గుడ్డలు చంకన పెట్టుకుని, గేటు దాటి సందులోకి దిగి, లోపలికి కేకేశాడు.

"రెండు రోజులు ఎవరినీ తొక్కనివ్వకండమ్మా! వస్తానండీ!"

వంటింటి గుమ్మంలో ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగితేగా! "ఎక్కడికి పోతారండీ మేస్త్రిగారూ? మీ ఇల్లు ఇదే! లోపలికి రండి!"

మేస్త్రి డబ్బాతో సందులో అలాగే నిలబడిపోయాడు. నేల పని ఎప్పుడూ అంతే మరి. లోపల మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి వచ్చి, గడప దాటితే పని అయినట్టు. ఆరాక దాని మీద తిరిగేవి వేరే కాళ్ళు.

"పనయ్యాక నన్ను లోపలికి రమ్మన్నది నువ్వొక్కదానివేనే" అన్నాడు.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "వీధి తలుపు తీస్తాను, చుట్టూ తిరిగి రండి" అంది కళ్ళు తుడుచుకుంటూ.

రెండు రోజులూ వాన ఓర్చుకుంది. మూడో రోజు పొద్దున్నే బావమరిది చూడ్డానికి వచ్చి కాలు పెట్టబోతే, ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగరా. ముందు ఆయన."

మేస్త్రి చెప్పులు విడిచి, అరికాలు మెల్లగా ఆనించాడు. తన చేత్తో మెరుగుపెట్టిన నేల అరికాలికి ఎలా తగులుతుందో అతనికి అప్పటిదాకా తెలియదు.