అమ్మ చేతి లై

దాజీ పేట్‌లో మధ్యాహ్నం మగ్గాల చప్పుడు వింటుంటే నాకు ఇప్పటికీ నిద్రమత్తు వస్తుంది. ఆ మత్తులో ఎప్పుడూ అమ్మ అరచెయ్యే కనపడుతుంది. చద్దర్లకు కాగితం చీటీలు అంటించడానికి మా కార్ఖానాలో మైదా లై ఉడికించేది అమ్మే. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేది. సాయంత్రం ఇంటికి రాగానే చెయ్యి నా ఒళ్ళో పెట్టి కళ్ళు మూసుకునేది. ఎండిన లై పొరను గోటితో మెల్లగా లేపేదాన్ని. ఆమె చేతిగీతలన్నీ ఆ పొర మీదికి వచ్చేవి. నాకు పిల్లలు పుట్టాక కూడా ఆ పని మానలేదు.

పోయిన ఏడాది కార్ఖానా యజమాని సేఠ్ లైకి బదులు డబ్బా గోందు బంక తెచ్చాడు. "ఏది గట్టిగుంటే గదే వాడుదం" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ చేతికి ఇప్పుడు పరీక్షా? చీటీలు అంటించేది నేనే కాబట్టి ఆ పరీక్ష కూడా నా నెత్తినే పడింది.

రెండు చద్దరు ముక్కలకు రెండు అట్టలు అంటించాను, ఒకటి లైతో, ఒకటి గోందుతో. మర్నాటికి ఆరాక దూలానికి వేలాడదీసి, అట్టలకు చిల్లు పెట్టి చిన్న బకెట్లు తగిలించాను. చెంబుతో నీళ్ళు పోస్తూ పోవాలి. ఏ అట్ట ముందు ఊడితే అది ఓడినట్టు.

గోందు బకెట్లో నిండు చెంబు పోశాను. లై బకెట్లో సగమే పోశాను.

"ఏందే, సగం చెంబు పోస్తున్నవ్? నా లై బిచ్చమడిగిందా, ఖైరాత్ ఇస్తున్నవ్?" అమ్మ చెంబు లాక్కుంది.

"నీ పని పోతదమ్మా" అన్నాను, అవతల నిలబడి చూస్తున్న సేఠ్‌కు వినపడకుండా గుసగుసగా.

"పోతే పోనీ. దొంగ గెలుపు నాకెందుకు?"

తనే నిండుగా పోసింది. ఆరో చెంబుకు లై అట్ట ఊడి బకెట్ దబ్బున పడింది. పది చెంబులు పోసినా గోందు కదల్లేదు. అమ్మ ఆ అట్టను వేలితో లాగి చూసింది.

"మంచిగనే పట్టింది. దీన్ని ఉడికించేది ఎవరు సేఠ్?"

"ఉడికించేదేం లేదక్కా. డబ్బాల తయారుగనే వస్తది."

అమ్మ "అచ్ఛా" అని, ఒలికిన నీళ్ళు తుడవడానికి వంగింది. నాకు ఏడుపొచ్చింది.

సోమవారం నుంచి అమ్మను చద్దర్లు మడతపెట్టే చోట కూచోబెట్టారు. ఆ సాయంత్రం అలవాటుగా చెయ్యి నా ఒళ్ళో పెట్టి కళ్ళు మూసుకుంది. చెయ్యి శుభ్రంగా ఉంది. ఏం లేపను? అయినా వేళ్ళ సందుల్లో గోటితో మెల్లగా గీరాను.

"వస్తున్నదా?" అంది అమ్మ, కళ్ళు తెరవకుండానే.

"వస్తున్నదమ్మా" అన్నాను.