గోలీలు మింగించే పిల్ల

సిద్దిపేట బస్టాండులో కలిసిన ఆమె పేరు నేను అడగలేదు. పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచి, కాగితంలో కాస్త ఉప్మా పెట్టి నా చేతికిచ్చింది.

"చిన్నప్పుడు బడిల అమెరికా పంపిన రవ్వతోని గిట్లనే ఉప్మా చేసి పెట్టేటోళ్లు బిడ్డా. గది తినే పెరిగినం," అంది.

తర్వాత కొడుకు సంగతి చెప్పింది. మహారాష్ట్రలోని భీవండికి మగ్గాల పనికి పోయి, టీబీతో తిరిగొచ్చాడట. అమెరికా సాయంతో నడిచే సంస్థ నుంచి ఒకమ్మాయి రోజూ ఇంటికొచ్చి, దగ్గర కూర్చుని మందు మింగించేదట. నిరుడు ఆ సాయం ఆగిపోయింది. అమ్మాయి రావడమూ ఆగిపోయింది.

"గోలీలు దవాఖానల ఇస్తనే ఉండిరి. నేను మింగమంటే వాడు ఇనకపాయె. గా పిల్ల మాటే ఇంటుండె."

"ఇప్పుడెట్లున్నడు అవ్వా?"

"పోయిండు బిడ్డా. వాళ్ల సొమ్ము, వాళ్లిష్టం. ఆపుతున్నమని ముందుగాల ఒక్కమాట చెప్తే, గా పిల్ల లెక్క మింగిచ్చుడు నేనన్న నేర్చుకుంటుంటి."

ఇంతలో నా హుస్నాబాద్ బస్సు వచ్చింది. నేను లేచాను. ఆమె డబ్బా మూత చేతిలో పట్టుకుని ఆగింది.

"కడుపు నిండిందా? ఇంకింత పెట్టాల్నా?"

చాలని నేను చెప్పాకే మూత పెట్టింది.